నాలుక ముడి విప్పే విద్య

ఫిరౌన్ దర్బారుకు వెళ్ళి సత్యసందేశం వినిపించమని ఆజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) తన ప్రభువును ఏమి కోరుకున్నారో మనందరికీ తెలుసు. ఆయన సైన్యాన్ని అడగలేదు, సంపదను అడగలేదు. హృదయం విశాలం కావాలని, పని సులభం కావాలని, తన నాలుకకు పడిన ముడి వీడిపోవాలని, తన మాట వినేవారికి అర్థం కావాలని వేడుకున్నారు. తనకన్నా ధారాళంగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహిస్సలామ్)ను తోడుగా ఇమ్మని కూడా అర్థించారు. ఆ ప్రార్థన దివ్య ఖుర్ఆన్‌లోని తాహా సూరాలో ఉంది.

రఘునాథపల్లిలో పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టిన నాటినుండి ఈ దుఆను కొన్ని వందలమంది చేత కంఠస్థం చేయించాను. దాని పదాలు, పదాల ఉచ్చారణ, దాని తఫ్సీర్ నాకు తెలుసు. కానీ నాలుక ముడి అంటే ఏమిటో, అది పడిన పిల్లవాడు లోలోపల ఎంత నలిగిపోతాడో నాకు తెలిసింది ఆలస్యంగా. నాకు ఆ పాఠం నేర్పినవారు ఇద్దరు పసివాళ్ళు. వారిలో ఒకరి విషయంలో నేను చేసిన పొరపాటును ఈ పత్రిక ద్వారా ఒప్పుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఇంకొక ఇంట్లో అదే పొరపాటు జరగకూడదన్నదే నా ఉద్దేశం.

'కాఫ్' పలకని పిల్లవాడు

అస్ర్ నమాజ్ తరువాత మా మక్తబ్‌లో పిల్లలు ఖాయిదా పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆ వరుసలో ఆరేళ్ళ బాలుడు ఒకడు ఉండేవాడు. తెలివైనవాడు, చూపించిన అక్షరాన్ని వెంటనే గుర్తుపట్టేవాడు. కానీ 'కితాబ్' అనమంటే 'తితాబ్' అనేవాడు. 'కాఫ్' అనమంటే 'తాఫ్' అనేవాడు. తోటి పిల్లలు పకపకా నవ్వేవారు. వాడు అల్లరి చేస్తున్నాడని, శ్రద్ధ పెట్టడం లేదని నేను భావించాను. 'మళ్ళీ అను, మళ్ళీ అను' అని ఇరవైసార్లు అనిపించేవాణ్ణి. బెత్తంతో బల్లమీద కొట్టి బెదిరించిన రోజులూ ఉన్నాయి. కొన్ని వారాలకు వాడు 'తాఫ్' అనడం కూడా మానేశాడు. అసలు నోరే తెరవడం మానేశాడు. ఆ తరువాత మక్తబ్‌కు రావడమే మానుకున్నాడు.

వారం గడిచాక వాడి తల్లి వచ్చింది. "మౌలానా సాబ్, వాడు రానని ఏడుస్తున్నాడు. ఇంట్లో కూడా మాట తగ్గించేశాడు. బడిలో టీచరమ్మ కూడా ఇదే చెప్పింది. నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుందని ఒకరంటారు, వస పోయండని ఒకరంటారు. ఏం చేయమంటారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె భర్త ఆటో నడుపుతాడు. ఆ దంపతులు ఎవరో చెప్పగా బిడ్డను తీసుకుని రైలెక్కి సికింద్రాబాద్‌కు వెళ్ళారు. స్పీచ్ థెరపిస్టును కలిశారు. రెండవసారి వెళ్ళినప్పుడు నేనూ వారి వెంట వెళ్ళాను. ఉస్తాదుగా నేను ఏం చేయాలో తెలుసుకోవాలనుకున్నాను.

ఆ థెరపిస్టు ముందుగా వాడి నాలుక చూడలేదు, చెవులు పరీక్ష చేయించమన్నారు. వినికిడి సరిగానే ఉందని తేలింది. నోరు, అంగిలి, నాలుక కదలిక చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. నాలుకను కోయవలసిన అవసరమేమీ లేదు. ఆ తరువాత నేలమీద వాడి పక్కన కూర్చుని బొమ్మలతో ఆడుతూ, వాడు మాట్లాడేదంతా రాసుకున్నారు. చివరికి చెప్పిందేమిటంటే, నాలుక వెనుక భాగంతో పలకవలసిన ధ్వనులన్నిటినీ వాడు నాలుక కొనకు తెచ్చేస్తున్నాడు. 'క' స్థానంలో 'త', 'గ' స్థానంలో 'ద' వస్తున్నాయి. చిన్నపిల్లలు చాలామంది ఇలాగే మొదలుపెడతారు. నాలుగేళ్ళు వచ్చేసరికి సాధారణంగా అదే సర్దుకుంటుంది. ఆరేళ్ళ వయసులోనూ మిగిలిపోతే సహాయం కావాలి. ఇది సోమరితనమూ కాదు, మొండితనమూ కాదు. వాడి మనసులో ధ్వనుల అమరిక అలా స్థిరపడిపోయింది.

తరువాత జరిగిన చికిత్స చూస్తుంటే నాకు ఆశ్చర్యం కలిగింది. మొదట వాడిచేత ఏమీ పలికించలేదు. నల్లరంగు బొమ్మ ఒకటి, తాళం బొమ్మ ఒకటి ముందు పెట్టి, 'కాలా' అంటే ఒకటి, 'తాలా' అంటే మరొకటి చూపించమన్నారు. తెలుగులో 'కోట', 'తోట' బొమ్మలతో అదే ఆట ఆడారు. భేదం చెవికి తెలియాలి, ఆ తరువాతే నోటికి వస్తుందన్నది అందులోని సూత్రం. పిదప వెల్లకిలా పడుకోబెట్టి, గొంతులో నీళ్ళు పుక్కిలించినట్లు శబ్దం చేయించి, నాలుక వెనుక భాగం పైకి లేవడం ఎలా ఉంటుందో వాడికి అనుభవంలోకి తెచ్చారు. మొదట ధ్వని ఒక్కటే. అది కుదిరాక 'కా, కీ, కూ'. ఆ పిదప పదం, దాని తరువాత వాక్యం, చివరికి మామూలు సంభాషణ.

మన ఖాయిదా కూడా ఇదే మెట్ల వరుసలో సాగుతుందని పాఠకులు గమనించే ఉంటారు. విడి అక్షరాలు ముందు, కలిపిన అక్షరాలు తరువాత, ఆ పైన పదాలు. ఏ అక్షరం గొంతులో ఏ చోటునుండి, నాలుక ఏ భాగంనుండి వెలువడుతుందో చెప్పే మఖ్రజ్‌ల శాస్త్రం మనకు వెయ్యేళ్ళకు పైబడిన ఆస్తి. హిజ్రీ రెండవ శతాబ్దంలో ఖలీల్ బిన్ అహ్మద్ తన అరబీ నిఘంటువును అలిఫ్ బా తా క్రమంలో కాకుండా, గొంతులోతునుండి పెదవులవరకు ఉచ్చారణ స్థానాల క్రమంలో కూర్చారు. 'ఐన్' అక్షరంతో మొదలవుతుంది కాబట్టి దానికి 'కితాబుల్ ఐన్' అని పేరు వచ్చింది. వైద్యశాస్త్రంలో పేరుగాంచిన ఇబ్నె సీనా అక్షరధ్వనులు ఎలా పుడతాయో వివరిస్తూ ఒక గ్రంథమే రాశారు. బస్రాకు చెందిన జాహిజ్ పలుకులోని లోపాలు ఎన్ని రకాలో, ఏ అక్షరం ఏ అక్షరంగా మారిపోతుందో వర్ణించారు. 'రా' పలకలేని వాసిల్ బిన్ అతా ఆ అక్షరమే రాకుండా ప్రసంగించేవారని ఆయనే ప్రస్తావించారు. ఇంత వారసత్వం ఉన్న నేను, నా ఎదుట కూర్చున్న పిల్లవాడి నాలుక ఎక్కడ ఆగిపోతున్నదో చూడకుండా బెత్తం చప్పుడు చేశాను.

దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. వారానికొకసారి ప్రయాణం, ఇంటిదగ్గర రోజూ పావుగంట ఆటలాంటి అభ్యాసం. వాడు తిరిగి మక్తబ్‌కు వచ్చాడు. వరుసలో కూర్చున్న పిల్లలకు నవ్వకూడదని నేను ముందే చెప్పి ఉంచాను.

నేను అడగని ప్రశ్న

రెండవ పసిబిడ్డ కథ చెప్పడం కష్టం. పై సంఘటనకు కొన్నేళ్ళ ముందు, దగ్గరలోని ఒక ఊరినుండి రెండేళ్ళ ఆడపిల్లను ఎత్తుకుని ఆమె దాదీ నా దగ్గరకు వచ్చింది. "మాటలు రావడం లేదు, దుఆ చేసి ఊదండి" అంది. నేను దుఆ చేశాను. "వీళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఆమె అంటే, "ఓపిక పట్టండి అమ్మా, అల్లాహ్ తలిస్తే వస్తాయి" అని పంపించాను. పిల్ల వెనకనుండి పిలిస్తే తిరిగి చూస్తుందా అని నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఆ కుటుంబం నా మాటమీద గౌరవంతో రెండేళ్ళు ఓపిక పట్టింది. నాలుగేళ్ళు నిండబోయే సమయంలో పరీక్ష చేయిస్తే, ఆ పాపకు రెండు చెవులూ దాదాపు వినిపించవని తెలిసింది.

దుఆ చేయడంలో తప్పు లేదు. దుఆ చేసి వైద్యుని వద్దకు పంపకపోవడం నా తప్పు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని సృష్టించాడని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఉపదేశించారు. ఒంటెను కట్టివేసి ఆపైన దైవంమీద భారం వేయమన్న బోధ మనకు తెలియనిదా? మసీదుకు, మక్తబ్‌కు మొదట వచ్చి చెప్పుకునే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. అందుకే ఇమాములు, ఉస్తాదులు ఈ విషయం తెలుసుకుని ఉండాలని నా విన్నపం.

వినికిడి విషయంలో కాలం ఎందుకంత విలువైనదంటే, భాష చెవిద్వారానే లోపలికి వెళుతుంది. పుట్టిన తొలి సంవత్సరాలలో మెదడు శబ్దాలను వేరుచేసుకోవడం నేర్చుకుంటుంది. ఆ గడువు దాటిన కొద్దీ పని కష్టమవుతుంది. అందుకే నిపుణులు '1-3-6' అనే నియమం చెబుతారు. బిడ్డకు 1 నెల నిండేలోగా వినికిడి పరీక్ష, 3 నెలలలోగా లోపం ఉన్నదీ లేనిదీ నిర్ధారణ, 6 నెలలలోగా సహాయం ప్రారంభం. ఈ పరీక్షలలో నొప్పి ఉండదు. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది. అవసరమైతే బిడ్డ నిద్రలో ఉండగా బెరా పరీక్ష చేస్తారు. లోపం తేలితే వినికిడి యంత్రాలు, వాటితో ప్రయోజనం లేనంత తీవ్రమైనదైతే కాక్లియర్ ఇంప్లాంట్ అనే శస్త్రచికిత్స ఉన్నాయి. అయితే యంత్రం శబ్దాన్ని మాత్రమే అందిస్తుంది. ఆ శబ్దం మాటగా మారడానికి స్పీచ్ థెరపీ సంవత్సరాల తరబడి సాగాలి. యంత్రం పెట్టించి శిక్షణ మానేస్తే పడిన శ్రమలో చాలా భాగం వృథా అవుతుంది.

ఇక్కడ ఒక సున్నితమైన మాట చెప్పాలి. తెలుగు నేలమీద అన్ని మతాలవారిలోనూ మేనరికాలు, దగ్గరి బంధువుల వివాహాలు ఉన్నాయి. మన కుటుంబాలలోనూ ఉన్నాయి. షరీఅత్ వీటిని నిషేధించలేదు. అయితే వంశపారంపర్యంగా వచ్చే చెవుడు అలాంటి వివాహాలలో పుట్టిన పిల్లలకు సంక్రమించే అవకాశం ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతోంది. కుటుంబంలో ఎవరికైనా పుట్టుచెవుడు ఉంటే, అలాంటి ఇంట పుట్టిన బిడ్డకు మొదటి నెలలోనే పరీక్ష చేయించడం తప్పనిసరి అనుకోవాలి.

తల్లులు గమనించవలసిన గుర్తులు

అన్నిటికీ భయపడనవసరం లేదు. పిల్లలందరూ ఒకే రోజున మాటలు మొదలుపెట్టరు. అయినా కొన్ని మైలురాళ్ళు ఉన్నాయి. ఆరు నుండి తొమ్మిది నెలల మధ్య 'బాబాబా, మామామా' వంటి శబ్దాలు చేయాలి. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి, కావలసినదాన్ని వేలితో చూపాలి, ఒకటి రెండు మాటలు రావాలి. రెండేళ్ళకు 50 పదాల వరకు వచ్చి, 'అమ్మీ పానీ', 'నాన్న బండి' అని రెండు పదాలు కలపాలి. మూడేళ్ళకు చిన్న వాక్యాలు రావాలి, బయటివారికి కూడా వాడి మాటల్లో ఎక్కువ భాగం అర్థం కావాలి. ఈ వరుసలో బిడ్డ బాగా వెనుకబడితే, లేదా వచ్చిన మాటలు పోతే, ఏ వయసులోనైనా ఆలస్యం చేయకూడదు. కంట్లో కన్ను పెట్టి చూడకపోవడం, పిలిచినా పలకకపోవడం, చేసిన పనే గంటల తరబడి చేయడం కనబడితే ఆటిజం ఉందేమో పరీక్షించాలి. అలాంటి పిల్లలకు కూడా థెరపిస్టులు బొమ్మల కార్డులతో, సైగలతో తమ అవసరాలు తెలిపే మార్గం నేర్పుతారు. బొమ్మలు చూపితే మాటలు రావన్న భయం అక్కరలేదు. తన కోరిక అవతలివారికి తెలుస్తోందని గ్రహించిన పిల్లవాడికి మాటమీద ఆశ పుడుతుంది.

నత్తి మరొక సమస్య. మూడు నాలుగేళ్ళ వయసులో కొందరు పిల్లలు మాట తడబడి, మొదటి అక్షరాన్నే పదేపదే అంటారు. వారిలో చాలామందికి అది తగ్గిపోతుంది. కొన్ని నెలలపాటు కొనసాగినా, మాట్లాడేటప్పుడు ముఖం బిగుసుకున్నా, మాట్లాడటానికే భయపడుతున్నా థెరపిస్టును కలవాలి. ఇంట్లో 'నెమ్మదిగా చెప్పు', 'మళ్ళీ సరిగా చెప్పు' అనకూడదు. వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదు. వాడు చెప్పేవరకు ఆగి, చెప్పిన తీరును కాక చెప్పిన విషయాన్ని వినాలి. తడబడుతూ కష్టపడి ఖుర్ఆన్ పఠించేవానికి రెట్టింపు పుణ్యం ఉందని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ప్రవక్త (స) రెట్టింపు పుణ్యం ప్రకటించినవాణ్ణి చూసి మనం నవ్వవచ్చునా?

నాలుగు భాషల మధ్య పెరిగే పిల్లలు

మన ఇళ్ళలో తరచుగా వినబడే సందేహం ఒకటుంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ. ఇన్ని భాషలవల్లనే పిల్లవాడికి మాటలు రావడం లేదని బంధువులంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలవారు ఉర్దూ నేర్పించడానికి వెనుకాడతారు. కొందరైతే ఇంటిభాష మానేసి రాని ఇంగ్లీషులో పిల్లలతో మాట్లాడటం మొదలుపెడతారు. ఇది సరైనది కాదు. ఎక్కువ భాషలు వినడంవల్ల భాషాలోపం కలగదు. మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషల పదాలనూ కలిపి లెక్కపెట్టాలి. ఒకే వాక్యంలో ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడటం రెండు భాషల పిల్లలందరూ చేసేదే. నిజంగా లోపం ఉంటే అది అన్ని భాషలలోనూ కనబడుతుంది. ఒక్క భాషలో మాత్రమే వెనుకబడి ఉంటే ఆ భాష వినే అవకాశం తక్కువైందని అర్థం. తల్లి తనకు బాగా వచ్చిన భాషలో, మనసుతో మాట్లాడినదే బిడ్డకు మేలు.

యాసకూ లోపానికీ తేడా తెలుసుకోవాలి. మన ప్రాంతంలో 'కలం'ను 'ఖలం' అనడం దక్కనీ అలవాటు. తెలుగే మాతృభాష అయిన పిల్లవాడు అరబీలోని 'జా'ను, 'జీమ్'ను ఒకేలా పలకడం సహజం. వాటిని తజ్వీద్ పాఠంతో దిద్దవచ్చు. దానికి చికిత్స అక్కరలేదు. మాతృభాషలోని అక్షరమే పలకలేనప్పుడు మాత్రం అది తజ్వీద్ ఉస్తాదు పరిధి దాటిన విషయం.

ఇక పాతకాలపు నమ్మకాలు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుగా అంటాం, సంతోషమే. కానీ పసిబిడ్డ నోట్లో వస అరగదీసి పోయడం ప్రమాదం. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వవద్దని వైద్యులు చెబుతారు. ఏడుపు మాన్పడానికి చేతికి ఫోను ఇవ్వడం నేటి కొత్త దురలవాటు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు చూపవద్దని, రెండు నుండి నాలుగేళ్ళవారికి రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను మాట్లాడుతుంది గాని బిడ్డ చెప్పేదానికోసం ఎదురుచూడదు. తల్లి ఎదురుచూస్తుంది. భాష ఆ ఎదురుచూపులోనే పుడుతుంది.

ఇంట్లో చేయదగిన పని చాలా ఉంది. అన్నం కలుపుతున్నా, కోళ్ళకు గింజలు వేస్తున్నా చేస్తున్న పనిని చిన్న మాటలలో చెబుతూ ఉండాలి. బిడ్డ 'రైలు' అంటే, 'అవును, పెద్ద రైలు పోయింది' అని మరో రెండు మాటలు చేర్చాలి. 'పాలు కావాలా, అరటిపండు కావాలా' అని ఎంచుకోనివ్వాలి. అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టేవరకు ఆగాలి. స్పీచ్ థెరపిస్టులు వారానికి ఒక గంట చేసేది, మిగిలిన రోజులన్నీ తల్లిదండ్రులు ఏం చేయాలో నేర్పడమే.

ఎక్కడికి వెళ్ళాలి?

మనవంటి ఊళ్ళలో థెరపిస్టులు అరుదు. అయినా మార్గాలు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వినికిడి లోపం, మాటల ఆలస్యం, అంగిలి చీలిక ఆ పరీక్షలో భాగం. ఆ రోజున పిల్లలను ఇంట్లో ఉంచుకోకండి. లోపం కనబడితే జిల్లాస్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముంబయిలో 1983లో స్థాపితమైన ఈ కేంద్రప్రభుత్వ సంస్థకు పేరు ఇచ్చింది మన హైదరాబాదీ పెద్దమనిషి నవాబ్ అలీ యావర్ జంగ్. ఆయన ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా, మహారాష్ట్రకు గవర్నరుగా పనిచేశారు. కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి కూడా మన రాష్ట్రంలోనే ఉంది. దక్షిణాదిలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుండి ఈ రంగంలో సేవ చేస్తోంది. ప్రైవేటుగా ఎవరి వద్దకైనా వెళితే, వారికి భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉన్నదేమో అడగండి. అది మన హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వినికిడి లోపం, వాక్ భాషా వైకల్యం, ఆటిజం ఉన్నాయి. ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడి బిడ్డకు రావలసిన సహాయాన్ని పోగొట్టవద్దు.

మన బిడ్డలలో కొందరు ఈ వృత్తి చదువుకోవాలన్నది నా ఆశ. ఇంటర్‌లో సైన్సు చదివినవారికి నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ఒక థెరపిస్టు ఎన్ని ఇళ్ళకు వెలుగవుతారో ఆలోచించండి.

ఇప్పుడు మా మక్తబ్‌లో కొత్త పిల్లవాణ్ణి చేర్చుకునే రోజున తల్లిదండ్రులను రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. వెనకనుండి పిలిస్తే పలుకుతాడా? చెవినుండి చీము కారుతోందా? ఇందులో ఒక్కదానికి సందేహం కలిగినా, పాఠానికి ముందు పరీక్షకు పంపుతున్నాను. దుఆ కూడా చేస్తున్నాను.

ఆ ఆడపిల్లకు ఇప్పుడు రెండు చెవులకూ యంత్రాలున్నాయి. మాటలు ఇంకా స్పష్టంగా రావు, నడవవలసిన దారి చాలా ఉంది. కిందటి రంజాన్ పండుగనాడు ఆమె దాదీ చేయిపట్టుకుని వచ్చింది. నేను ఆ పెద్దమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె నన్నేమీ అనలేదు. "ఒకసారి వినండి మౌలానా సాబ్" అని, మనవరాలి ముందు వంగి తన ముఖాన్ని చూపించింది. ఆ పిల్ల ఆమె పెదవులనే చూస్తూ, ఎంతో ప్రయాసపడి, "దా... దీ" అంది. ఆ రెండు అక్షరాలు రెండేళ్ళ ముందే రావలసినవి.

మన పిల్లల చెవులను, నాలుకలను, మనసులను అల్లాహ్ కాపాడుగాక! అవసరమైనవేళ అవసరమైన ప్రశ్న అడిగే వివేకాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.